ఊరంతటి ఓటు నుంచి డిస్ట్రిక్ట్ ఓటుకు: కాలిఫోర్నియాలో మా ఊరు మారిన తీరు

అమెరికాలో సిటీ కౌన్సిల్ ఎన్నిక చూసిన తెలుగువాళ్లకు మొదట అంతుపట్టనిది ఒకటుంది: వార్డు లేకపోవడం. మన మున్సిపాలిటీల్లో వార్డు లేని కౌన్సిలర్‌ను ఊహించలేం. 2020లో గ్రేటర్ హైదరాబాద్‌లో 150 డివిజన్లకు 150 మంది కార్పొరేటర్లు. మురుగుకాలువ పొంగితే ఎవరింటి ముందు నిలబడాలో గల్లీలో అందరికీ తెలుసు. కాలిఫోర్నియాలో చాలా ఊళ్లలో మొన్నమొన్నటి దాకా అలా లేదు. కౌన్సిల్‌లో ఐదు సీట్లుంటే ఐదింటికీ ఊరంతా ఓటు వేసేది. దీన్ని ఎట్-లార్జ్ పద్ధతి అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో మేముంటున్న ఊరు ఆ పద్ధతి వదిలి డిస్ట్రిక్టులకు మారింది. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా అనుకోవద్దు, వార్డు అనుకోండి. ఆ నాలుగున్నర నెలలూ ప్రతి హియరింగ్‌కూ (నగరం జనం మాట వినే బహిరంగ సమావేశం) వెళ్లాను, రెండు మ్యాపులు గీసి ఇచ్చాను. ఏ మాట గీతను కదిలించిందో, ఏది గాలికి పోయిందో చూశాను. ఇదే దారిలో ఉన్న వేరే ఊళ్ల వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు లెక్క. మూడు సీట్లకు ఎన్నిక, ప్రతి ఓటరూ ముగ్గురిని ఎంచుకోవచ్చు. ఓటర్లలో 60 శాతం మంది ఒక ముగ్గురిని, 40 శాతం మంది వేరే ముగ్గురిని ఎంచుకున్నారనుకుందాం. మొదటి ముగ్గురికి తలా 60, రెండో ముగ్గురికి తలా 40. మూడు సీట్లూ మొదటివాళ్లకే. ఆ 40 శాతం మంది ఊరికి ఒక పక్కన కలిసికట్టుగా ఉన్నా, వాళ్ల బడి, వాళ్ల పార్కు, వాళ్ల బస్సు సమస్య ఒకటే అయినా, కౌన్సిల్‌లో వాళ్ల మనిషి ఒక్కరూ ఉండరు. మూడు ఓట్లున్నా ఒక్కరికే వేసి మిగతావి వదిలేయమని కొన్ని సంఘాలు ప్రచారం చేసేవి. దానివల్ల తమ అభ్యర్థి ప్రత్యర్థులకు ఓట్లు తగ్గుతాయి. నిజమే. కానీ చేతిలో ఉన్న రెండు ఓట్లు వదులుకుంటే తప్ప ఒక్క సీటు ఆశ లేదంటే పద్ధతిలోనే తేడా ఉన్నట్టు.

ఈ గొడవ కాలిఫోర్నియాలో పుట్టింది కాదు. అలబామాలోని మొబీల్ నగరాన్ని 1911 నుంచి ముగ్గురు కమిషనర్లు పాలించారు. ముగ్గురినీ ఊరంతా ఎన్నుకునేది. జనాభాలో మూడోవంతుకు పైగా నల్లజాతివారున్నా ఒక్కరూ కమిషనర్ కాలేకపోయారు. వాళ్లు వేసిన కేసులో 1980లో సుప్రీంకోర్టు, వివక్ష చూపాలన్న ఉద్దేశంతోనే ఈ పద్ధతి పెట్టారని రుజువు చేయాలంది. 1982లో అమెరికన్ కాంగ్రెస్ ఓటింగ్ హక్కుల చట్టాన్ని సవరించి, ఉద్దేశం అక్కర్లేదు, ఫలితం చాలు అని రాసింది. 1985లో మొబీల్ కమిషనర్లను వదిలి ఏడు డిస్ట్రిక్టుల కౌన్సిల్‌కు మారింది. 1986లో సుప్రీంకోర్టు ఈ ఫెడరల్ చట్టానికి మూడు మెట్లు పెట్టింది: ఆ వర్గం ఒక డిస్ట్రిక్టులో మెజారిటీ కాగలిగినంత సంఖ్యలో ఒకచోట ఉండాలి, కలిసి ఒకే వైపు ఓటు వేస్తుండాలి, మిగతావాళ్లు గంపగుత్తగా వేరే వైపు వేసి వాళ్ల అభ్యర్థిని ఓడిస్తుండాలి.

కాలిఫోర్నియా 2002లో సొంత ఓటింగ్ హక్కుల చట్టం చేసి మొదటి మెట్టు తీసేసింది. ఒక వర్గం ఒక డిస్ట్రిక్టులో మెజారిటీ కాలేకపోయినా కేసు నిలుస్తుంది. ఓటింగ్ వర్గాలవారీగా చీలుతోందని, దానివల్ల ఊరంతటి ఎన్నికలో ఆ వర్గం ఓటు పలచబడుతోందని చూపాలి. కేసు వేసినవాళ్లు గెలిస్తే వాళ్ల లాయర్ ఫీజు నగరమే కట్టాలి. ఊళ్లను కదిలించింది ఈ చివరి వాక్యమే. మొడెస్టో నగరం అప్పీలు దాకా వెళ్లి, చివరికి రాజీపడి 30 లక్షల డాలర్ల ఫీజు కట్టింది. పామ్‌డేల్ కోర్టులో ఓడి 45 లక్షల డాలర్ల దాకా కట్టింది. శాంటాక్లారా సంగతి మనవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అక్కడ కేసు వేసింది ఆసియన్ అమెరికన్లు. 2018లో కోర్టు నగరానికి వ్యతిరేకంగా తీర్పిచ్చి ఆరు డిస్ట్రిక్టులు పెట్టమంది. ఆ నవంబరులోనే జరిగిన తొలి డిస్ట్రిక్ట్ ఎన్నికలో రాజ్ చాహల్ అనే భారతీయ సంతతి అభ్యర్థి 2వ డిస్ట్రిక్ట్ నుంచి గెలిచారు. పక్కనున్న ఫ్రీమాంట్ కోర్టు దాకా పోకుండానే ఆరు డిస్ట్రిక్టులకు మారి, మేయర్‌ను మాత్రం ఊరంతటికీ ఉంచుకుంది. చివరిదాకా పోరాడిన ఊరు శాంటామోనికా. 2023 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ కేసులో ఒక స్పష్టత ఇచ్చింది. ఓటింగ్ చీలిందని చూపిస్తే సరిపోదు, వేరే న్యాయమైన పద్ధతి ఉంటే ఆ వర్గం తనకు నచ్చిన అభ్యర్థిని గెలిపించుకునే అవకాశం ఉండేదని కూడా చూపాలి. ఆ వర్గానికి డిస్ట్రిక్టులో మెజారిటీ మాత్రం అక్కర్లేదు.

ఇక మా ఊరి సంగతి. మొదలయ్యేది ఒక ఉత్తరంతో. ఒక లాయర్ సిటీ క్లర్క్‌కు సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపుతారు: మీ ఎట్-లార్జ్ పద్ధతి చట్టాన్ని ఉల్లంఘిస్తోంది, మారండి, లేకపోతే కేసు. అది అందిన రోజు నుంచి 45 రోజుల్లో కౌన్సిల్ "డిస్ట్రిక్టులకు మారతాం" అని తీర్మానం చేస్తే, ఆ తర్వాత 90 రోజుల దాకా కేసు వేయడానికి వీల్లేదు. ఆ 90 రోజుల్లో మ్యాపు గీసి, చట్టం చేసి ముగించాలి. ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఇంకో 90 రోజుల దాకా గడువు పెంచుకోవచ్చు. ఇలా సకాలంలో మారితే, ఉత్తరం రాసినవాళ్లకు ఇవ్వాల్సిన ఖర్చులకు 30,000 డాలర్ల పరిమితి ఉంది. ధరల సూచీని బట్టి ఆ పరిమితి ఏటా కొంత పెరుగుతుంది. 30 వేలు ఒక పక్క, 30 లక్షలు ఇంకో పక్క ఉన్నప్పుడు ఏ కౌన్సిల్ అయినా ఏం చేస్తుంది? ఓటర్లను అడగకుండా కౌన్సిలే ఎలా మార్చేస్తుందని మా హియరింగుల్లో చాలామంది కోపంగా అడిగారు. ఆర్డినెన్స్‌తో మార్చుకునే అధికారం రాష్ట్ర చట్టం కౌన్సిల్‌కే ఇచ్చింది. ఐదు, ఏడు, తొమ్మిది డిస్ట్రిక్టులు పెట్టుకోవచ్చు. లేదా నాలుగు, ఆరు, ఎనిమిది డిస్ట్రిక్టులు పెట్టి మేయర్‌ను ఊరంతటి ఓటుతో ఎన్నుకోవచ్చు. ఈ ఆర్డినెన్స్ అన్న మాట దగ్గర మనవాళ్లు పొరబడతారు. మన దగ్గర అది గవర్నర్ తెచ్చే తాత్కాలిక చట్టం, ఇక్కడ నగరం చేసుకునే మామూలు స్థానిక చట్టం.

ఆ 90 రోజుల క్రమం ఇదీ. మ్యాపులేవీ గీయకముందు కనీసం రెండు హియరింగులు, రెండూ 30 రోజుల లోపు. తర్వాత ముసాయిదా మ్యాపులు బయటపెడతారు. వాటి మీద కనీసం మరో రెండు హియరింగులు, 45 రోజుల లోపు. ఓటు వేసే సమావేశం కలిపితే సాధారణంగా ఐదు. ఒక్క హియరింగైనా శని, ఆదివారాల్లోనో పనిరోజు సాయంత్రం 6 తర్వాతో పెట్టాలి.

అసలు విషయం ఇక్కడుంది. మొదటి రెండు హియరింగులకు మా ఊళ్లో జనం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది వచ్చారు. చూడటానికి మ్యాపే లేనప్పుడు ఏం మాట్లాడాలని అందరూ అనుకున్నారు. ఐదో సమావేశానికి హాలు నిండిపోయి, బయట వరండాలో టీవీ పెట్టాల్సి వచ్చింది. అప్పటికి చేయగలిగింది దాదాపు ఏమీ మిగల్లేదు. నగరం నియమించుకున్న డెమోగ్రాఫర్ (జనాభా లెక్కలు చూసి మ్యాపులు గీసే నిపుణుడు) మొదటి రెండు హియరింగుల్లో విన్న మాటలను పట్టుకునే ముసాయిదాలు గీస్తారు. ఆ ముసాయిదాల మీద చర్చంతా "ఏ మ్యాపు?" అనే దారిలో నడుస్తుంది. "ఈ నాలుగు వీధులు ఎటు?" అన్నది ఆ చర్చలో చాలా చిన్న విషయమైపోతుంది. మీ వీధుల గురించి ఎవరూ చెప్పకపోతే వాటిని లెక్క సరిచేయడానికి వాడతారు. ఒక డిస్ట్రిక్టులో 900 మంది తక్కువైతే, ఎవరూ నోరు విప్పని చోటు నుంచే 900 మందిని తెస్తారు. ఇందులో కుట్రేమీ లేదు, గీసేవాళ్లకు ఎక్కడ కోస్తే నొప్పి తగులుతుందో తెలియదు, అంతే.

కాబట్టి మొదటి రెండు హియరింగుల్లో చెప్పాల్సింది "కమ్యూనిటీ ఆఫ్ ఇంట్రెస్ట్" గురించి. అంటే ఒకే రకమైన అవసరాలు, బతుకు తీరు ఉన్న జనం కలిసి ఉండే చోటు. న్యాయంగా ప్రాతినిధ్యం దక్కాలంటే వాళ్లను ఒకే డిస్ట్రిక్టులో ఉంచాలని చట్టం అంటుంది. దీనికి నగరం ఒక ఫారం ఇస్తుంది. అందులో మూడు విషయాలు తప్పనిసరిగా రాయాలి. ఒకటి, హద్దులు. నాలుగు దిక్కులా ఏ వీధి, ఏ కాలువ, ఏ రైలు పట్టా అని పేర్లతో రాయాలి. "లైబ్రరీ దగ్గరి ప్రాంతం" అని రాసిన ఫారాలు మా ఊళ్లో ఒక్కటీ మ్యాపులోకి ఎక్కలేదు. రెండు, ఆ జనాన్ని కలిపేదేమిటి. ఒకే ఎలిమెంటరీ స్కూలు హాజరు హద్దు, అద్దె అపార్టుమెంట్ల సముదాయం, వరద వచ్చే పల్లం, ఉదయం అందరూ ఎక్కే ఒకే బస్ రూటు, ఇంట్లో మాట్లాడే భాష, అందరూ సరుకులు కొనే సందు: ఇలాంటివి. మూడు, నగరం నుంచి వాళ్లకు ప్రత్యేకంగా కావాల్సిందేమిటి. స్కూలు దారిలో పేవ్‌మెంట్ లేకపోవడం, పార్కులో క్రికెట్ పిచ్‌కు చోటు, అద్దె నియంత్రణ. కౌన్సిల్ నిర్ణయించగలిగే అంశమై ఉంటే మాట బలంగా ఉంటుంది. రాయకూడనిది కూడా ఉంది. పార్టీలతో, పదవిలో ఉన్నవాళ్లతో, అభ్యర్థులతో ఉన్న సంబంధం కమ్యూనిటీ ఆఫ్ ఇంట్రెస్ట్ కిందికి రాదు. "ఫలానా కౌన్సిల్ సభ్యుడు మాకు బాగా చేస్తాడు, ఆయనలోనే ఉంచండి" అని రాస్తే ఆ ఫారం వృథా.

మన తెలుగువాళ్లు ఎక్కువమంది వెనక్కి తగ్గేది ఒక అపోహ వల్ల: "మనకు ఓటు లేదుగా, మనకెందుకు?" హెచ్-1బి మీద ఉన్నా, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నా, హియరింగ్‌లో మాట్లాడొచ్చు, ఫారం ఇవ్వొచ్చు, మ్యాపు గీసి ఇవ్వొచ్చు. పౌరసత్వం అడగరు. అంతకంటే పెద్ద సంగతి, డిస్ట్రిక్టుల జనాభా సమానంగా ఉండాలన్నప్పుడు లెక్కపెట్టేది ఓటర్లను కాదు, మనుషులందరినీ. పిల్లలు, వీసా మీద ఉన్నవాళ్లు, మనవళ్లను చూసుకోవడానికి వచ్చి ఇక్కడే నివాసమున్న అమ్మమ్మలు, సెన్సస్‌లో నమోదైన ప్రతి ఒక్కరూ లెక్కలోకి వస్తారు. 2016లో ఫెడరల్ సుప్రీంకోర్టు టెక్సాస్ కేసులో ఇలా మొత్తం జనాభాను తీసుకోవడం సరైనదేనంది. దీని పర్యవసానం ఆలోచించండి. ఉదాహరణకు రెండు డిస్ట్రిక్టులు, రెండిట్లోనూ 24,000 మంది. ఒకదాంట్లో పాతకాలపు సొంత ఇళ్లు, ఓటర్లు 16,000. రెండోదాంట్లో కొత్త అపార్టుమెంట్లు, వీసా కుటుంబాలు, ఓటర్లు 8,000. రెండిటికీ సీటు ఒకటే. ఓటు లేని కుటుంబం కూడా తన పక్కింటి ఓటరు చేతికి బరువిస్తుంది. అందుకే మన అపార్టుమెంట్లు మూడు ముక్కలుగా చీలడం, ఒక్కచోట ఉండడం ఒకటి కాదు.

ఇంకో చిక్కు అంకెల్లోనే ఉంది. ఓటు హక్కు వయసున్న పౌరుల సంఖ్యను డెమోగ్రాఫర్ వర్గాలవారీగా చూపిస్తారు. అందులో ఆసియన్ అన్నది ఒకే గడి. చైనీయులు, ఫిలిపినోలు, వియత్నామీయులు, కొరియన్లు, మనం, అందరం ఒకే అంకెలో కలిసిపోతాం. 2016 నుంచి సెన్సస్ బ్యూరో ఏటా చేసే సర్వేలో ఇంటి భాషల పట్టికలో తెలుగుకు విడి గడి ఇచ్చారు. కానీ అది శాంపిల్ సర్వే, వీధి స్థాయికి దిగదు. ఏ అపార్టుమెంట్లలో తెలుగు పిల్లలు ఎక్కువో, ఏ పార్కు దగ్గర సాయంత్రం తెలుగు వినిపిస్తుందో ఆ ఎక్సెల్ పట్టికలో ఉండదు. అక్కడుండేవాళ్లు నోటితో చెప్పాల్సిందే. ఒక జాగ్రత్త: "తెలుగువాళ్లకొక డిస్ట్రిక్ట్ ఇవ్వండి" అని అడగొద్దు. మన దగ్గర మాదిరి సీటు రిజర్వేషన్ ఇక్కడ లేదు. జాతినే ప్రధాన కారణంగా పెట్టుకుని గీసిన గీతను 1993 నాటి సుప్రీంకోర్టు తీర్పు కింద కొట్టేయించొచ్చు. బడి, అద్దె, బస్సు, భాష అన్నీ కలిపి ఒక చోటు కథగా చెప్పాలి. భాష అందులో ఒక పోగు మాత్రమే.

మాట్లాడటానికి మా దగ్గర 3 నిమిషాలిచ్చారు. జనం ఎక్కువైన రోజు 2 నిమిషాలే. పదిమంది వరసగా లేచి ఒకే వాక్యం చదివితే దాని విలువ ఒక్క వాక్యమే. ఒకరు బడి హద్దు గురించి, ఒకరు బస్సు గురించి, ఒకరు పార్కు గురించి చెప్పి, అందరూ అవే నాలుగు హద్దు వీధుల పేర్లు చెప్పినప్పుడు డెమోగ్రాఫర్ తలెత్తి రాసుకోవడం చూశాను. ఇంగ్లీషు ఇబ్బందైతే అనువాదకుడు కావాలని ముందే క్లర్క్ ఆఫీసుకు రాయాలి, ఆ రోజు వెళ్లి అడిగితే దొరకడు.

ఇప్పుడు మ్యాపు గీయడం. ఎవరైనా గీయొచ్చు. డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్, డిస్ట్రిక్టర్ వంటి ఉచిత వెబ్ పరికరాలున్నాయి. కొన్ని నగరాలు కాగితం మీద గీయడానికి జనాభా అంకెలు రాసిన మ్యాపు కిట్ కూడా ఇస్తాయి. మొదట కావాల్సినది సరైన జనాభా. కాలిఫోర్నియాలో ముడి సెన్సస్ అంకెలు వాడకూడదు. రాష్ట్ర జైళ్లలో ఉన్నవాళ్లను వాళ్ల పాత చిరునామాలకు మార్చిన సవరణ అంకెలు వాడాలి. మన మ్యాపు మొత్తానికీ నగరం ప్రకటించిన మొత్తానికీ కొన్ని పదుల తేడా వస్తే సాధారణంగా కారణం ఇదే.

లెక్క ఇలా. ఊరి జనాభా 1,20,000 అనుకుంటే ఐదు డిస్ట్రిక్టులకు ఆదర్శ సంఖ్య 24,000. మీ మ్యాపులో అన్నిటికంటే పెద్దది 25,100, చిన్నది 23,000. తేడా 2,100. దాన్ని 24,000తో భాగిస్తే 8.75 శాతం. ఈ మొత్తం తేడా 10 శాతం లోపుంటే కోర్టులు మామూలుగా అభ్యంతరం పెట్టవు. చాలామంది చేసే తప్పు, ఒక్కో డిస్ట్రిక్టుకూ పైకి 10, కిందికి 10 అనుకోవడం. అలా గీస్తే మొత్తం తేడా 20 అవుతుంది, మ్యాపు చూడకుండానే పక్కన పెడతారు. దీనికి ఎదురు తప్పు, తేడాను సున్నాకు తేవాలని ఒక్కో బ్లాకు (సెన్సస్ లెక్కల్లో అతి చిన్న చోటు) కోసం వీధుల మధ్య మెలికలు తిప్పడం. 2020 సెన్సస్‌లో వ్యక్తుల గోప్యత కోసం బ్లాకు స్థాయి అంకెల్లో కావాలనే చిన్న మార్పులు కలిపారు. కాబట్టి ఆ స్థాయిలో అంత కచ్చితత్వానికి అర్థమే లేదు. 3, 4 శాతం దగ్గర ఆగి, మిగతా వెసులుబాటును వీధులను కలిపి ఉంచడానికి వాడుకోవడం మంచిది.

చట్టం నియమాలను వరసలో పెట్టింది, ఆ వరసే ప్రాధాన్యం. మొదట, డిస్ట్రిక్ట్ ఒకే ముక్కగా ఉండాలి. రెండు ముక్కలు మూల దగ్గర మాత్రమే తగిలితే కలిసినట్టు కాదు. మధ్యలో నీళ్లుంటే వంతెనో, సొరంగమో, క్రమం తప్పక తిరిగే ఫెర్రీయో ఉండాలి. తర్వాత, పేటలనూ కమ్యూనిటీ ఆఫ్ ఇంట్రెస్ట్‌లనూ చీల్చకూడదు. ఆపైన, హద్దులు జనానికి గుర్తుపట్టే వీలుగా ఉండాలి: ఫ్రీవే, వాగు, పెద్ద రోడ్డు. చివరగా, ఆకారం కుదురుగా ఉండాలి, దగ్గరి జనాన్ని దాటేసి దూరపు జనాన్ని కలుపుకోకూడదు. చూడటానికి అందమైన చతురస్రాల కోసం పేటను చీల్చిన మ్యాపు ఈ వరసలో కింద ఉన్నదాని కోసం పైన ఉన్నదాన్ని బలిపెట్టినట్టు. మా ఊళ్లో అలాంటి ఒక మ్యాపుకు మొదట చప్పట్లు పడ్డాయి. వరస గుర్తుచేసి అడిగాక అది పక్కకు పోయింది. పార్టీకి మేలో కీడో చేసే ఉద్దేశంతో గీయకూడదన్న నిషేధం ఇంతకుముందే ఉంది. 2023లో చేసిన మార్పుతో పదవిలో ఉన్నవాళ్లకూ అభ్యర్థులకూ అదే వర్తిస్తుంది.

ఫైలు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి విడిగా చెప్పాలి, ఎందుకంటే శ్రమంతా దాంట్లో పోతుంది. మ్యాపు బొమ్మ ఒక్కటే పంపితే డెమోగ్రాఫర్ దాన్ని లెక్క కట్టలేరు. ప్రతి సెన్సస్ బ్లాకు ఏ డిస్ట్రిక్టులో ఉందో చెప్పే సీఎస్‌వీ ఫైలు పంపాలి. బ్లాకు కోడ్‌లో 15 అంకెలుంటాయి: రాష్ట్రానికి 2, కౌంటీకి 3, ట్రాక్టుకు (కొన్ని బ్లాకులు కలిసిన ప్రాంతం) 6, బ్లాకుకు 4. కాలిఫోర్నియా కోడ్ 06. ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి 14 అంకెలవుతుంది, లేదా కోడ్ మొత్తం ఘాతాంక రూపంలోకి మారిపోతుంది. అప్పుడు ఒక్క బ్లాకూ జతకాదు. తెరవాల్సి వస్తే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా పెట్టి తెరవండి, లేదా అసలు ముట్టుకోకుండా పంపండి. ఇంకొకటి, జనం లేని బ్లాకులను కేటాయించకుండా వదిలేయడం. ఫ్రీవే మధ్య చీలిక, చెరువు, పారిశ్రామిక స్థలం: వీటిలో జనాభా సున్నా అయినా ఏదో ఒక డిస్ట్రిక్టులో వేయాలి. లేకపోతే మ్యాపు అసంపూర్ణమని తిప్పి పంపుతారు, ఒక్కోసారి ఆ ఖాళీ బ్లాకు వల్లే డిస్ట్రిక్ట్ రెండు ముక్కలవుతుంది.

ముసాయిదా మ్యాపు హియరింగ్‌కు రావాలంటే కనీసం 7 రోజుల ముందు బయటపెట్టాలి. హియరింగ్‌లో మార్పు చేస్తే, మారిన మ్యాపును ఆమోదించేముందు మళ్లీ 7 రోజులు బయట ఉంచాలి. చివరి సమావేశంలో "ఈ రెండు వీధులు అటు వేయండి" అని లేచినవాళ్లకు ఏమీ జరగనిది ఇందుకే. ఒప్పుకుంటే మ్యాపు ఇంకో వారం ఆగాలి, 90 రోజులు దాటిపోతాయి, కేసు నుంచి రక్షణ పోతుంది. మార్పు కావాలంటే మూడో హియరింగ్ ఆఖరి అవకాశం అనుకుని, జనాభా లెక్కతో సహా తయారుగా వెళ్లాలి: ఏ బ్లాకులు అటు, బదులుగా ఏవి ఇటు, తేడా ఎంత. బదులు చూపించని కోరికను డెమోగ్రాఫర్ గీయలేరు.

మ్యాపు మీద ఉన్న శ్రద్ధలో పదోవంతు కూడా పడని అంశం, ఏ డిస్ట్రిక్టుకు ఎప్పుడు ఎన్నిక అన్నది. మ్యాపుతో పాటే దీన్నీ నిర్ణయిస్తారు. ఉన్న సభ్యుల పదవీకాలాన్ని మధ్యలో కోసేయడానికి వీల్లేదు. కాబట్టి ఐదింటిలో రెండు ఒక సంవత్సరం, మూడు ఇంకో రెండేళ్లకు, ఇలా విడగొడతారు. అధ్యక్ష ఎన్నిక ఏడాదిలో ఓటు వేసేవాళ్లు ఎక్కువ. కొత్త ఓటర్లు, అద్దె ఇళ్లవాళ్లు ఎక్కువున్న డిస్ట్రిక్టును తక్కువ పోలింగ్ ఉండే ఏడాదికి తోస్తే, మ్యాపులో ఇచ్చింది క్యాలెండర్‌లో తీసుకున్నట్టే. ఈ క్రమం నిర్ణయించేటప్పుడు కాలిఫోర్నియా ఓటింగ్ హక్కుల చట్టం ఆశయాన్ని ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకోవాలని చట్టంలోనే ఉంది. ఆ మాట మూడో హియరింగ్‌లోనే చదివి వినిపించడం మా ఊళ్లో పనిచేసింది.

ఆర్డినెన్స్‌ను కౌన్సిల్ సమావేశాల్లో రెండుసార్లు చదవాలి. మొదటి దానికీ రెండో దానికీ మధ్య కనీసం 5 రోజులు, ఆమోదమయ్యాక 30 రోజులకు అమలు. ఎన్నికకు 125 రోజుల లోపు జరిగిన హద్దుల మార్పు ఆ ఎన్నికకు చెల్లదు. అందుకే నగరం నవంబరు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని పరుగెడుతుంది. మ్యాపు ఎన్నికలు నడిపే కౌంటీ రిజిస్ట్రార్‌కు వెళ్లాక వాళ్లు ప్రతి చిరునామాను కొత్త డిస్ట్రిక్టుకు జతచేస్తారు. హద్దు రోడ్డు మీదే ఇల్లున్నవాళ్లు రిజిస్ట్రార్ వెబ్‌సైట్‌లో తమ చిరునామా కొట్టి చూసుకోవాలి. వీధికి అటు ఇటు పొరపాట్లు మొదటి ఎన్నికలోనే బయటపడతాయి.

మొదటి డిస్ట్రిక్ట్ ఎన్నికలో అభ్యర్థులకు తగిలే దెబ్బలు వేరు. నామినేషన్ కాగితాలు తీసుకునే నాటికే ఆ డిస్ట్రిక్టులో నివాసం, ఓటు నమోదు ఉండాలి. గెలిచాక డిస్ట్రిక్ట్ దాటి ఇల్లు మారితే సీటు పోతుంది. నామినేషన్‌కు 20 నుంచి 30 మంది ఓటర్ల సంతకాలు కావాలి, అందరూ ఆ డిస్ట్రిక్టువాళ్లే కావాలి. ఊరంతా స్నేహితులున్నవాళ్లు పాత అలవాటుతో గుడి దగ్గర, బడ్డీ కొట్టు దగ్గర సంతకాలు సేకరించి, సగం చెల్లక ఆఖరి రోజు పరుగులు పెట్టారు. ఇంతకుముందు మూడు సీట్లుంటే ఒక ఓటరు ముగ్గురి కాగితాల మీద సంతకం చేయగలిగేవారు. ఇప్పుడు సీటు ఒకటే కాబట్టి ఒక్కరికే. 20 కాదు, 30 నింపి, వారం ముందే ఇవ్వాలి. అప్పుడు చెల్లనివి తీసేసినా సరిపోతాయి.

నష్టాలు దాచడం తప్పు. ఇంతకుముందు ప్రతి రెండేళ్లకూ రెండో మూడో సీట్లకు ఓటు వేసేవాళ్లం, ఇప్పుడు నాలుగేళ్లకొకసారి ఒక్క సీటుకు. మిగతా నలుగురు సభ్యులు మన ఓటు అడగరు. కొన్ని డిస్ట్రిక్టుల్లో ఒక్కరే పోటీకి దిగుతారు. అప్పుడు కౌన్సిల్ ఎన్నిక జరపకుండా ఆ ఒక్కరినే నియమించవచ్చు. మా ఊళ్లో ఇదే నన్ను ఎక్కువ బాధించింది. డిస్ట్రిక్ట్ సాధించుకోవడానికి అంత తిరిగినవాళ్లం, అందులో నిలబడే రెండో మనిషిని తయారు చేసుకోలేదు. మరోవైపు ప్రచారం ఖర్చు పడిపోయింది. 40,000 ఇళ్లకు పోస్టు పంపాల్సినవాళ్లు ఇప్పుడు 8,000 ఇళ్ల తలుపులు తట్టొచ్చు. నడిచి గెలవగలిగే ఎన్నిక అది. అపార్టుమెంట్ మెట్లెక్కి వచ్చిన అభ్యర్థిని మా బిల్డింగ్‌లో చాలామంది అప్పుడే మొదటిసారి చూశారు.

ఈ గీతలు శాశ్వతం కావు. 2030 సెన్సస్ అంకెలు 2031లో వస్తాయి, 2032 ఎన్నికకు ముందే మళ్లీ గీయాలి. మేము ఇచ్చిన ఫారాలు, వీధుల పేర్లతో రాసిన హద్దులు, బ్లాకు ఫైళ్లు (సున్నాలతో సహా), ఏ హియరింగ్‌లో ఎవరేం చెప్పారో తేదీలతో ఒక డ్రైవ్‌లో దాచి, కొత్తగా వచ్చిన మూడు కుటుంబాలకు తాళం ఇచ్చాం. సెన్సస్ ఫారం ఇంటికొచ్చినప్పుడు తల్లిదండ్రులతో సహా ఇంట్లో ఉండే ప్రతి ఒక్కరినీ రాయమని 2030 మార్చిలో బిల్డింగ్ బిల్డింగ్‌కూ తిరగడం ఆ జాబితాలో మొదటి పని.